సంపూరక కోణాల రాత లెక్కలు: ఒక చరరాశి మేలా, రెండు మేలా?

చీమకుర్తి గ్రానైట్ పలక తిన్నటి అంచు మీదికి ఏటవాలుగా కోత గీత గీస్తే, గీతకు అటూ ఇటూ పడే రెండు కోణాలు కలిపి 180°. ఇలా మొత్తం 180° అయ్యే జంటే సంపూరక కోణాలు. ఒకటి తెలిస్తే రెండోది తీసివేతతో వస్తుంది. రెండూ తెలియకుండా వాటి మధ్య సంబంధం మాత్రమే ఇచ్చినప్పుడే సమీకరణం కావాలి.

పెద్ద కోణం, చిన్నదానికి మూడు రెట్ల కంటే 20° తక్కువ అన్నారనుకోండి. ఇక్కడ ఒక చరరాశే మేలు. అయితే దేన్ని ‘క’ అనుకుంటున్నామన్నది ముఖ్యం. దేనితో పోల్చారో అదే క కావాలి. చిన్నది క అయితే పెద్దది 3క − 20. కలిపితే 4క − 20 = 180, క = 50. కోణాలు 50°, 130°.

పెద్దదాన్ని క అనుకుంటే క = 3(180 − క) − 20 వస్తుంది. తప్పేమీ కాదు, కానీ పిల్లలు పొరపడేది ఈ బ్రాకెట్ దగ్గరే. 3తో 180ని గుణించి, క ని వదిలేస్తారు. అప్పుడు క = 540 − క − 20, అంటే క = 260. రెండూ కలిపితేనే 180 కదా, ఒక్కటే 260 ఎలా అవుతుంది? జవాబు 180 దాటితే ముందు బ్రాకెట్ చూడండి. రుణ సంఖ్య వస్తే ‘తక్కువ’ను తిరగేసి 20 − 3క అని రాశారేమో చూడండి; అలా రాస్తే క = −80 వస్తుంది.

ఈ లెక్కకే క + గ = 180, గ = 3క − 20 అని రెండు సమీకరణాలు రాసినా, ప్రతిక్షేపించాక మళ్లీ 4క − 20 = 180 దగ్గరికే వస్తాం. ఒక వరుస ఎక్కువ రాయడం తప్ప లాభం లేదు. రెండు కోణాలకీ గుణకాలు ఉన్నప్పుడు మాత్రం రెండు చరరాశులే హాయి. 2క + 3గ = 430 అని ఇస్తే, క + గ = 180ని రెట్టింపు చేసి 360ని తీసేయండి. గ = 70, క = 110. బ్రాకెట్ అవసరమే రాలేదు.

తేడా 36° అనో, నిష్పత్తి 4:5 అనో ఇస్తే బీజగణితం లేకుండానే తేలుతుంది. (180 − 36) ÷ 2 = 72, రెండోది 108. నిష్పత్తికైతే 180 ÷ 9 = 20, కోణాలు 80°, 100°. పరీక్షలో సమీకరణం రాయమని అడిగితే మాత్రం రాయాల్సిందే.

ఒక కోణం (క) తాలూకు సంపూరక కోణం, దాని పూరక కోణానికి (90°కి ఎంత తక్కువో అది) 4 రెట్లు అన్న లెక్కలో మళ్లీ ఒక చరరాశే నయం: 180 − క = 4(90 − క), క = 60. సరిచూస్తే 120 = 4 × 30.

కోణాలను (2క + 15)°, (3క − 10)° అని ఇచ్చినప్పుడు 5క + 5 = 180, క = 35 దగ్గర ఆగిపోకండి. 35 కోణం కాదు. కోణాలు 85°, 95°.