300 బిళ్లల పోకర్ పెట్టె: ఏడు నెలలు వాడిన తర్వాత

హనుమకొండలోని ఒక ఆటవస్తువుల దుకాణంలో 2,400 రూపాయలకు కొన్న ఈ పెట్టెలో 300 ప్లాస్టిక్ బిళ్లలు, రెండు పేక కట్టలు, పంచే వంతు ఎవరిదో చూపే ఒక డీలర్ బటన్, ముక్కల కలయికల పేర్ల వరుస మాత్రమే ఉన్న చిన్న ఇంగ్లీషు కాగితం వచ్చాయి. ఆదివారం సాయంత్రాలు సుబేదారిలోని మా ఇంట్లో ఆరుగురం కూర్చుని టెక్సస్ హోల్డెమ్ ఆడుతున్నాము: ఒక్కొక్కరికి రెండు ముక్కలు చాటుగా పంచి, అందరికీ కలిపి అయిదు ముక్కలు విడతలుగా బల్ల మీద తెరిచే పోకర్ ఇది. పండగలకు రమ్మీ, మూడు ముక్కలాట ఆడుతూ పెరిగినవాళ్లం కనుక పత్తాలు పట్టడం ఎవరికీ కొత్త కాదు. డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టము. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం కూడా నిషేధించింది.

నేను ఈ పెట్టెను కొన్నది టేబుల్ ఇమేజ్ అనే విద్యను ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవాలని. మన ఆటతీరు చూసి ఎదుటివాళ్లు మన గురించి ఏర్పరచుకునే అభిప్రాయమే ఆ ఇమేజ్; దాన్ని కావాలని ఒక వైపు మళ్లించి, అవసరమైనప్పుడు దానికి విరుద్ధంగా ఆడి ఎదుటివాళ్లను పొరపాటు పడేలా చేయడం ఆట నియమాలకు లోబడిన మోసమే. ముక్కకు గుర్తు పెట్టడం, కింది నుంచి పంచడం వంటి వాటితో దీనికి సంబంధం లేదు.

మొదటి మూడు వారాలు ఏ బ్లఫ్ కూడా, అంటే ముక్కలు లేకున్నా ఉన్నట్టు కాసే పందెం, పనిచేయలేదు. పోయేది ఏమీ లేదు కనుక ప్రతివాడూ చివరి ముక్క దాకా వచ్చేవాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికి 1,000 విలువైన బిళ్లలే ఇచ్చి, అవి అయిపోయినవాళ్లు ఆ సాయంత్రానికి లేచిపోవాలని నియమం పెట్టుకున్నాము. తెల్లవి 10, ఎర్రవి 50, నీలివి 100, నల్లవి 500 చొప్పున లెక్క వేసుకుని, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలు) 10, 20 తో మొదలుపెట్టి అరగంటకొకసారి పెంచుతున్నాము. ఆరుగురికి 300 బిళ్లలు సరిపోయి ఇంకా మిగులుతాయి.

ఈ నియమం వచ్చాక జరిగిన ఒక ఆట చెప్తాను. దాదాపు గంటసేపు నేను వచ్చిన ముక్కలన్నీ పడేస్తూ వచ్చాను. అది నా ఓపిక కాదు, ముక్కలే రాలేదు: మా ఆటలో గంటకు ఇరవైకి మించి పంపకాలు జరగవు, చేతికి జత రావడం సగటున 17 సార్లకు ఒకసారి, రెండు ఆసులు రావడం 221 సార్లకు ఒకసారి. అయినా చూసేవాళ్లకు నేను మంచి ముక్కలు ఉంటే తప్ప రానివాడిలా కనిపించాను. బ్లైండ్లు 20, 40 ఉన్నప్పుడు ఇస్పేటు తొమ్మిది, ఎనిమిదితో ముందు కుర్చీ (అందరికంటే ముందు పందెం చెప్పాల్సిన చోటు) నుంచే 120 పెట్టాను. కాజీపేట మిత్రుడు ఒక్కడే నిలిచాడు. బల్ల మధ్యలో ఆటీను రాజు, కళావరు ఆరు, డైమండ్ మూడు పడ్డాయి. నాకు ఏమీ కలవలేదు. పాట్‌లో (మధ్యలో చేరిన పందేల మొత్తంలో) 300 ఉండగా 150 పెట్టాను. ఇలాంటి సగం పాట్ పందెం మూడింట ఒకసారి పారినా నష్టం ఉండదు. ఆయన చాలాసేపు ఆలోచించి, "గంట నుంచి అన్నీ పడేస్తున్నవన్నా, ఇప్పుడు వచ్చినవంటే రాజు ఉన్నట్టే" అంటూ రెండు పదులు చూపించి పడేశాడు. నేనూ నా తొమ్మిది, ఎనిమిది తిప్పి చూపించాను.

అలా చూపించడమే ఆ రాత్రి నేను చేసిన సరైన పని. అప్పటి నుంచి నా పందెం ఎవరూ నమ్మలేదు. గంట తర్వాత చేతిలో రెండు ఆరులు ఉండగా బల్ల మీద మరో ఆరు పడితే, ఉన్నదంతా పెట్టాను. అదే మిత్రుడు రెండు ఆసులతో వెంటనే వచ్చి నా మూడు ఆరుల ముందు ఓడిపోయాడు. మన స్వభావం కంటే, ఎదుటివాళ్లకు ఇంతవరకు ఏం కనిపించిందో గుర్తుంచుకోవడమే ఇందులో ముఖ్యమని నాకు అప్పుడు స్పష్టమైంది. తన రెండు ముక్కలు తప్ప ఇంకేమీ చూడని మా బావమరిది ముందు మాత్రం ఈ విద్య అంతా వృథా. గమనించని వాడికి మన ఇమేజ్ అందదు, అతనితో మంచి ముక్కలు వచ్చినప్పుడే పందెం కాయాలి.

ఇక పెట్టె లోపాలు. నీలం, నలుపు బిళ్లలు ట్యూబ్‌లైట్ వెలుతురులో ఒకేలా కనిపిస్తాయి. 500 పెడితే 100 అనుకుని వచ్చినవాడు నా ఆటతీరు వల్ల మోసపోలేదు, రంగు వల్ల మోసపోయాడు. అలా గెలిచిన పాట్ నాకు తృప్తినివ్వలేదు. ఇప్పుడు నల్ల బిళ్లలకు తెల్ల స్టిక్కర్లు అంటించి వాడుతున్నాము.

అంతకంటే పెద్ద లోపం పేకముక్కలది. అట్ట మీద పలుచని పూత వేసిన ముక్కలు కావడంతో రెండో నెలకే ఇస్పేటు ఆసు మూల మడత పడింది, కళావరు రాణి వెనుక గీత పడింది. ఆ ఆసు ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోతుంటే, ఎన్ని వారాలు కష్టపడి తెచ్చుకున్న పేరైనా ఎందుకు పనికొస్తుంది? పూర్తి ప్లాస్టిక్ ముక్కల కట్టలు రెండు విడిగా కొన్నాకనే ఆట మళ్లీ ఆటలా అయింది. అవి తడిబట్టతో తుడిచినా చెడిపోవు.

డీలర్ బటన్ మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఎవరు ముందు మాట్లాడాలో అది ఎప్పుడూ కళ్లముందు ఉంచుతుంది కనుక, ముందు కుర్చీ నుంచి వచ్చిన పందెం ఎందుకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుందో, చివర మాట్లాడే బటన్ దగ్గరివాడి పందేన్ని ఎందుకు అనుమానిస్తారో కొత్తవాళ్లకు రెండు వారాల్లోనే అర్థమైంది.

బిళ్లల బరువు, చేతికి తగిలే గరుకుదనం, పెట్టె గట్టితనం బాగున్నాయి. ఏడు నెలల్లో ఒక్క బిళ్ల కూడా పగలలేదు. కొనాలనుకునేవారు దుకాణంలోనే నీలం, నలుపు బిళ్లలను పక్కపక్కన పెట్టి ట్యూబ్‌లైట్ కింద చూసుకోండి, ప్లాస్టిక్ పేక కట్టలకు అదనంగా డబ్బు పక్కన పెట్టుకోండి.