కురుపాం మార్కెట్ సందులోని వాచీల దుకాణం

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గరి ఒక సందులో 'ఇచ్చట వాచీలు బాగు చేయబడును' అన్న మాట తప్ప పేరేమీ లేని బోర్డుతో చిన్న దుకాణం ఒకటి ఉంది. అరవై దాటిన మాస్టారు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు. మా నాన్నగారి వాచీ అక్కడ బాగుపడిన తీరు చూసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అది నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసే రోజుల్లో కొనుక్కున్న హెచ్‌ఎంటీ జనతా. 1961లో జపాన్ సిటిజెన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల ఫ్యాక్టరీ కథ 2016లో ముగిసిపోయింది కనుక, ఏ చిన్న భాగం పాడైనా కొత్తది దొరకడం కష్టం. ఈ వేసవిలో అది ఉన్నట్టుండి రోజుకు పావుగంట ముందుకు పోసాగింది. మొదట వేరే పెద్ద షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ నేను చెప్పేది పూర్తిగా వినకుండానే మూత తీసి, స్క్రూడ్రైవరు జారి ఒక మర తల చెడగొట్టి, "మిషను అయిపోయింది, బ్యాటరీ మిషను వేయించుకోండి" అని తేల్చేశారు. ఎందుకు ముందుకు పోతోందని అడిగితే, "పాతికేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నానండీ" అన్నదే జవాబు.

ఈ మాస్టారు మాత్రం ముందు నన్నే అడిగారు: కీ ఎప్పుడిస్తారు, నీళ్లు తగిలాయా, రాత్రిపూట ఎక్కడ పెడతారు? సముద్రపు గాలికి ఇనుమన్నది తుప్పు పట్టకుండా ఉండని ఊరు కాబట్టి, అదేనేమోనని కంటికి అద్దం బిగించుకుని చాలాసేపు చూశారు. తరువాత అద్దం తీసి, "తుప్పు లేదు, మురికి కూడా పెద్దగా లేదు. ఎందుకిలా పోతోందో నాకు తెలియట్లేదు బాబూ" అన్నారు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, ఎదురుగా గిరాకీ, పక్కన శిష్యుడు ఉండగా అన్న మాట అది. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే.

అప్పుడు కుర్రవాడు సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీ మీద పట్టుకున్నాడు. ముల్లు వణికింది. వాచీ లోపల వెంట్రుకలా సన్నగా చుట్టలు చుట్టుకుని ఉండే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయని, దాంతో స్ప్రింగు పొడవు తగ్గినట్టయి అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నడిపే బ్యాలెన్స్ వీలు అనే చక్రం తొందర తొందరగా ఊగుతుందని ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. నేను రోజూ రాత్రి వాచీని బ్లూటూత్ స్పీకరు మీద పెడుతున్నాను! మాస్టారు స్టూలు అతని పక్కకు జరుపుకుని, "నాకు తట్టలేదురా. ఇదేటో మళ్లీ మొదట్నుంచి చెప్పు" అన్నారు. అయస్కాంతం వదిలించే పరికరం మీద వాచీ పెట్టి, మీట నొక్కి ఉంచి మెల్లగా దూరం జరపాలని కుర్రవాడు చెబితే, ఆయన అలాగే రెండుసార్లు చేసి చూశారు.

ఆ తరువాత ఫోనులో టిక్కుల చప్పుడు విని వేగం కొలిచే యాప్ తెరిచి, మైకు పక్కన వాచీ పెట్టారు. జనతా గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు టిక్కుమనాలి. ఆ లెక్కకు ఎంత తేడా ఉందో తెరపై గీత వాలును బట్టి తెలుస్తుంది. వేగం సరిచేసే ముల్లును కుర్రవాడు తొయ్యబోతే మాస్టారు అతని చెయ్యి పట్టుకుని, "తొయ్యకు, ఆనించు చాలు" అన్నారు. అతను మరి మాట్లాడకుండా ఆయన వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. గీత దాదాపు సమంగా వచ్చింది.

లోపాలూ చెప్పాలి. మూడు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది, రసీదు ఇవ్వరు, ఫోను చేస్తే ఎత్తరు. సర్వీసింగ్‌తో కలిపి 450 రూపాయలు తీసుకున్నారు. వాచీ ఇప్పుడు రోజుకు ఇరవై సెకన్లకు మించి తేడా చూపడం లేదు. మొదటి షాపులో తల చెడిన మరకు జోడు దొరకలేదు. దాన్ని బలవంతంగా తీస్తే కింది భాగం దెబ్బతింటుందని, ఆ పని తన చేతనైనది కాదని చెప్పి, మూత బిగించే ముందు మాస్టారు తన అద్దం నా కంటికి పెట్టి ఆ మరను చూపించారు.