పై గదికి వైఫై: రిపీటరా, మెషా, వైరు లాగడమా?

మిర్యాలగూడలో మా అక్క వాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో ఫైబర్ నెట్ బాగా వస్తుంది. పై గదిలో మాత్రం రాదు. మేనకోడలు ఎప్‌సెట్ ఆన్‌లైన్ క్లాసులు మెట్ల మీద కూర్చునే వినేది, ఒడిలో నోట్‌బుక్కు, మోకాలి మీద ఫోను. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఉన్న డబ్బానే చూశాం. ఫైబర్ వాళ్లు పెట్టే డబ్బాలోనే వైఫై కూడా ఉంటుంది, చిన్న ఇంటికి అదే చాలు. అక్క వాళ్లది టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన ఉండేది. కనెక్షన్ వాళ్లనే పిలిచి మెట్ల వైపు ఎత్తులో పెట్టించాం. ఆ సన్నటి వైరు లోపల గాజు పోగు ఉంటుంది, మడత పడితే నెట్ పోతుంది, అందుకే మనం లాగకూడదు. పై మెట్టు దాకా సిగ్నల్ వచ్చింది కానీ స్లాబు దాటలేదు. వైఫై సిగ్నల్ మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది. 5ది వేగమే గానీ, గోడలు దాటడంలో 2.4 కన్నా వెనకే.

తర్వాత రిపీటర్ కొన్నాం. తెచ్చి నేరుగా పై గదిలో మంచం పక్కన ప్లగ్గుకు పెట్టాను. ఫోన్లో గీతలన్నీ నిండాయి, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. రిపీటర్ తనకు అందిందే మళ్లీ పంపుతుంది. సిగ్నల్ లేనిచోట పెడితే దానికి అందేదేముంది? మెట్ల మలుపులోకి మార్చాక నయమైంది. అయినా ఒకే బ్యాండ్ మీద తీసుకుని పంపే రకంలో వేగం దాదాపు సగం పడిపోతుంది. అద్దె ఇల్లయి, గోడకు రంధ్రం పెట్టనివ్వకపోతే ఇదే దారి.

మెష్ సెట్టు, అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే వైఫై డబ్బాల జత, దీనికన్నా మేలు. ఫోను పట్టుకుని పైకీ కిందికీ తిరిగినా కాల్ తెగడం తక్కువ. కానీ ఖరీదు ఎక్కువ, పైగా రెండు డబ్బాలూ గాలిలోనే మాట్లాడుకోవాలంటే అదే స్లాబు అడ్డం.

సొంతిల్లయితే వైరే లాగించండి. క్యాట్ 6 అనే నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మాకు 20 కూడా పట్టలేదు. కింది డబ్బా నుంచి కిటికీ పక్కగా పైకి తీసుకెళ్లి, అక్కడ మామూలు రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా, పెట్టాం. పేరూ పాస్‌వర్డూ కింద ఉన్నవే ఇచ్చాం. కేబుల్ కొనేటప్పుడు అచ్చమైన రాగిదేనా అని అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియంది అంటగడతారు. కరెంటు వైర్లున్న పైపులో దాన్ని దూర్చనివ్వద్దు. కేబుల్ చివర క్లిప్పు కొట్టేటప్పుడు లోపలి ఎనిమిది పోగులూ కలిపించండి. నాలుగే కలిపితే నెట్ నడుస్తుంది కానీ వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. డబ్బాల మీద ఆ కేబుల్ గుచ్చే పోర్టులు గిగాబిట్‌వి కాకపోయినా అంతే.

ఇక కరెంటు సంగతి. ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే రెండు డబ్బాలకూ, కరెంటు పోయినా బ్యాటరీతో నడిపే మినీ యూపీఎస్ చెరొకటి కావాలి. కొనేముందు అడాప్టర్ మీద రాసినవి చూడండి: వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. అక్క వాళ్లింట్లో పై డబ్బాకు ఇంకా తేలేదు, ఈ ఆదివారం తీసుకెళ్తున్నాను.