ప్రీమియర్ పద్మిని: ఏళ్ల తరబడి నడిపాక బండి గురించీ, పేరు గురించీ

మా ఇంట్లో ఉన్నది 1980ల నాటి ప్రీమియర్ పద్మిని, పెట్రోలు కారు. నాన్నగారి తర్వాత నా చేతికి వచ్చింది, ఇప్పటికీ తిప్పుతున్నాను. ఇందులో పాతబడనిది ఏమిటని ఎవరైనా అడిగితే ముందు పేరు చెబుతాను, ఆ తర్వాతే ఇంజను.

ఈ బండికి మొదట ఈ పేరు లేదు. ఇటలీ ఫియట్ వాళ్ల నమూనాతో, బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కంపెనీ ఫ్యాక్టరీ నుంచి 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బయటికొచ్చింది. మధ్యలో కొన్నాళ్లు ప్రెసిడెంట్ అన్నారు. 1974 నుంచి పద్మిని. ఆకారం దాదాపు అదే, 1089 సీసీ ఇంజనూ అదే, మారింది పేరే. రాజస్థాన్‌లోని చిత్తోడ్ రాణి పేరు పెట్టారని చెబుతారు కానీ మనకు పద్మిని అనగానే గుర్తొచ్చేది రాణి కాదు. తామర తీగ, కావ్యాల్లో నాయిక, మన వీధిలోనే ఉండే ఓ ఆడపిల్ల.

డిలైట్ అంటే ఆనందం ఇస్తానని మాటివ్వడం. ప్రెసిడెంట్ అంటే హోదా. అంతకంటే సుఖమైన కారు, దర్జా అయిన కారు రోడ్డెక్కిన రోజున ఆ పేర్లు వెలవెలబోతాయి. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక ఈ బండి ఎంత పాతగా కనిపించిందో నాకు గుర్తుంది. అయినా పద్మిని అన్న పేరు చిన్నబోలేదు. అది వేగమూ హోదా ఇస్తానని ఎవరికీ చెప్పలేదు మరి.

అంబాసిడర్ సంగతి వేరు. రాయబారి అన్న అర్థం మన ఊళ్లలో ఎవరికీ పట్టలేదు. అప్పట్లో అంబాసిడర్ అంటే కలెక్టరు గారి తెల్ల కారు, నెత్తిన ఎర్ర బుగ్గ. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ బ్రాండును ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. కారు తయారీ ఆగిపోయాక కూడా పేరుకు అంత ధర పలికింది!

విచిత్రం ఏమిటంటే, పద్మిని కొత్తగా ఉన్న రోజుల్లో దాన్ని పద్మిని అన్నవాళ్లు తక్కువ. అందరికీ అది ఫియటే. ఇప్పటికీ స్పేర్ పార్ట్స్ షాపులో పద్మిని క్లచ్ ప్లేట్ కావాలంటే "ఫియట్‌దా సార్?" అని అడుగుతారు. రోడ్ల మీద బండ్లు తగ్గేకొద్దీ పేరు పైకి వచ్చింది. 2023 అక్టోబరులో ముంబై నలుపు పసుపు టాక్సీల్లో ఈ మోడల్ చివరి బండి తప్పుకున్నప్పుడు అందరూ తలుచుకున్నది పద్మిని అనే. ఇప్పటి పిల్లలు కూడా వెనక ఉన్న అక్షరాలు చదివి ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నాకు ఎంత సంతోషమో!

ఇక నడపడం. గేర్ రాడ్ స్టీరింగు పక్కనే ఉంటుంది, అలవాటైతే చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉంటుంది. తలుపుల దగ్గరి మూడు మూలల చిన్న అద్దాలు తిప్పితే గాలి నేరుగా మొహానికే కొడుతుంది. ఏసీ లేదన్న లోటు సాయంత్రాలు తెలియదు. మన మే నెల మధ్యాహ్నాలు మాత్రం కష్టం. ట్రాఫిక్‌లో వేడెక్కి పెట్రోలు లైనులోనే ఆవిరై బండి ఆగిపోతుంది. ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, కాబట్టి ముందు బండికి బాగా దూరం ఉంచాలి. పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగులో భుజాలు నొప్పెడతాయి. రోజూ ఆఫీసుకు ఇది వద్దు. ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి మాత్రం ఇంతకంటే హాయైన కారు నేను నడపలేదు.

కొనాలనుకునేవాళ్లు ఫ్లోర్ కింద, డోర్ల అడుగున తుప్పు చూడండి. ఇంజను పని తెలిసిన మేస్త్రీలు ఇంకా దొరుకుతారు, మంచి రేకు దొరకడమే కష్టం. ఇంకో మాట. ఈమధ్య కొందరు పద్మిని బ్యాడ్జీ పీకేసి ఫియట్ బ్యాడ్జీ పెట్టిస్తున్నారు, ఇటలీ కారులా కనబడాలని. దయచేసి ఆ పని చెయ్యకండి. మీ బండికి పాత బ్యాడ్జీ లేకపోతే పాత సామాన్ల షాపుల్లో అడగండి, వెతికితే దొరుకుతుంది.