ఆలెఫ్ సమీక్ష: ఛానెళ్లు భేష్, మెమరీ భారం మాత్రం మీ నెత్తినే

బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఫిల్ వింటర్‌బాటమ్ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష ఆలెఫ్ పైకి అచ్చం సి భాష లాగే కనిపిస్తుంది. అసలు సంగతి పని పుట్టించే చోట ఉంది. ప్రాక్ అంటే కెర్నెల్ నడిపే అసలు ప్రాసెస్, ప్రాక్‌లన్నిటికీ మెమరీ ఉమ్మడి. టాస్క్ ఒక ప్రాక్ లోపల వంతులవారీగా నడుస్తుంది. ఛానెల్ (విలువలు ఒకరి నుంచి ఒకరికి పంపే దారి) దగ్గరో లాక్ (ఒకరు వాడుతుంటే మరొకరిని ఆపే తాళం) దగ్గరో ఆగితేనే పక్కదానికి వంతు. అందుకే ఒకే ప్రాక్‌లోని టాస్కుల మధ్య డేటాకు చాలాచోట్ల లాకే అక్కర్లేదు.

చిక్కూ అక్కడే. ఒక టాస్క్ 'రీడ్' పిలిచి కీబోర్డు కోసం కూర్చుంటే ఆ ప్రాక్‌లోని టాస్కులన్నీ కూర్చుండిపోతాయి. కీబోర్డుకో ప్రాక్, మౌస్‌కో ప్రాక్ విడిగా పెట్టి, చదివింది ఛానెల్‌లో పంపించాలి. మిగతాదంతా ఒకే ప్రాక్‌లో ఉంచి 'ఆల్ట్'తో (ఏ ఛానెల్ ముందు సిద్ధమైతే దాన్ని ఎంచుకునే మాట) అందుకోవాలి.

ఛానెల్‌ను ప్రకటిస్తే సరిపోదు, 'అలాక్' చేయాలి, అంటే దానికి మెమరీ కేటాయించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే. బఫర్ కొలత (ఎన్ని విలువలు నిల్వ ఉంచొచ్చో) ఇవ్వకపోతే ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కలిసేదాకా ఇద్దరూ ఆగుతారు. [10] అని పెడితే 10 విలువల దాకా ఆగకుండా పంపొచ్చు. ఛానెల్ పేరు ముందు ? పెట్టి సరుకుందో లేదో చూడొచ్చు గానీ, చూసేలోపు వేరే ప్రాక్ ఎత్తుకుపోవచ్చు. దాన్ని నమ్ముకోకండి, ఆల్ట్ వాడండి.

గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని దానంతటదే విడిపించడం) లేదు. ఛానెల్‌లో పాయింటర్ పంపితే వెళ్లేది చిరునామా మాత్రమే. ఆ మెమరీని విడిపించే 'అనలాక్' ఎవరు చేయాలి? ఇద్దరూ చేస్తే కుప్పకూలుతుంది, ఎవరూ చేయకపోతే లీకు. పంపాక ముట్టుకోవద్దు, అందుకున్నవాడే విడిపించాలి అన్న కట్టుబాటు పెట్టుకోవాల్సిందే. కంపైలర్ ఇందులో సాయం చేయదు. మార్కులు కోసేది ఇక్కడే.

ఆక్మీ ఎడిటర్ మొదట ఇందులోనే రాశారు కాబట్టి ఇది బొమ్మ భాషేమీ కాదు. కానీ ప్రతి ప్రాసెసర్‌కూ వేరే కంపైలర్‌ను పోషించడం భారమై, 2000 నాటి ప్లాన్ 9 మూడో ఎడిషన్‌లో దీన్ని తీసేశారు. ఆక్మీ సి లోకి మారింది.

ఇప్పుడు ఆ రుచి కావాలంటే లిబ్‌థ్రెడ్ అనే సి లైబ్రరీ ఉంది. ప్లాన్ 9 పనిముట్లను వేరే సిస్టమ్‌లకు తెచ్చే ప్లాన్‌9పోర్ట్‌తో లినక్స్‌లోనూ నడుస్తుంది. ప్రాక్‌కు 'ప్రాక్‌క్రియేట్', టాస్క్‌కు 'థ్రెడ్‌క్రియేట్'. ఒక్కోదానికి స్టాక్ (దాని సొంత పని మెమరీ) ఎంతో మీరే చెప్పాలి, తక్కువైతే పక్క మెమరీ పాడవుతుంది. ఛానెల్ తయారుచేసే 'చాన్‌క్రియేట్'కు ఇచ్చేది ఒక్కో విలువ సైజు, బఫర్ కొలత మాత్రమే. ఆలెఫ్ పట్టుకునే టైపు తప్పును (ఒక రకం విలువకు బదులు మరో రకం పంపడం) ఇది చూసీచూడనట్టు వదిలేస్తుంది.