ఆరేళ్లు వాడిన తరువాత చెదల మందు గురించి

2019 జూన్‌లో తొలకరి పడిన మర్నాటి సాయంత్రం, కిటికీలన్నీ మూసి ఉన్న మా హాల్లో ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు (రెక్కలొచ్చిన చెదలు) మూగాయి. బయటి నుంచి వస్తే వింత లేదు గాని, మూసిన ఇంట్లో పుట్టుకొచ్చాయంటే చెదలు నేల కింది నుంచి ఇంట్లోకి దారి చేసుకున్నట్టే. గడప దగ్గర రాలిన రెక్కలను ఏరి చూస్తే నాలుగూ ఒకే పొడవున ఉన్నాయి. రెక్కల చీమలకైతే ముందు రెక్కలు పెద్దవిగా, నడుము నొక్కినట్టు సన్నగా ఉంటాయి.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత డాబా ఇల్లు. వంటగది ద్వారబంధం వెనుక గోడ మీద పెన్సిలంత లావున మట్టి బాట కనిపించింది. అంగుళం మేర గీకి చూస్తే నూకగింజల్లాంటి తెల్లని పురుగులు కంగారుగా అటూ ఇటూ పరుగెత్తాయి. తెల్లవారేసరికి ఆ గండిని తడిమట్టితో పూడ్చేశాయి. ద్వారబంధంలో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. పైన పెయింటు చక్కగానే ఉంది, లోపల కర్ర పొరలుగా విడిపోయి నడుమ మట్టి నిండి ఉంది. మట్టి లేకుండా ఇసుకలాంటి పొడి గుళికలే రాలుతుంటే అవి ఎండుకర్ర చెదలు. వాటికి నేలతో పని లేదు కనుక, నేను చేయించిన, నేలలో మందు పోసే వైద్యం వాటికి పనికిరాదు.

మా నాన్నగారు ఏళ్ల తరబడి కిరసనాయిలు పోస్తూ వచ్చారు. పోసిన చోట చెదలు పోయేవి, మరో గోడన తేలేవి. అందుకే ఈసారి ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సి (నీటిలో కలిపి పోసే చిక్కని ద్రవ మందు) ఎంచుకున్నాను. క్లోర్‌పైరిఫాస్ అనే మరో చెదల మందు లాగా ఘాటు వాసన లేకపోవడం ఒక కారణమైతే, చెదలు ఈ మందును పసిగట్టలేక అందులోనే తిరిగి, ఒకదాని నుంచి ఒకదానికి అంటించుకోవడం అసలు కారణం. గోడా నేలా కలిసే అంచు వెంట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల మందు కలిపి, నేల ఇక పీల్చుకోనంత వరకు పోసి, తెల్ల సిమెంటుతో మూశారు. డబ్బా సీలు మా ఎదుటే విప్పమని పట్టుబట్టాను. కొలత గ్లాసు లేకుండా వచ్చిన పనివాళ్లు కొంచెం నొచ్చుకున్నారు గాని, ఈ పనిలో మోసమంతా బక్కెట్టు దగ్గరే జరుగుతుంది.

మందు పోసిన నాడే ఏమీ మారలేదు. రెండు వారాలు కావస్తుండగా గీకిన బాటను పూడ్చడం మానేశాయి. అయితే 2021 వానలకు స్నానాలగది వెనుక గోడన మళ్లీ బాట లేచింది. టైల్సు పగులుతాయన్న సాకుతో అక్కడ మూడు నాలుగు రంధ్రాలు ఎగ్గొట్టారని అప్పుడు తెలిసింది. పైగా ఆ మూలలో పైపు కారుతూ నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. ఐదేళ్ల హామీ రాసిచ్చిన సంస్థ రెండుసార్లు ఫోను ఎత్తి, ఆపైన ఎత్తలేదు. ప్లంబరును పిలిపించి కారడం ఆపించి, వదిలేసిన రంధ్రాలు వేయించి అదే మందు పోయించాను. అప్పటి నుంచి ఇంట్లో కొత్త బాట లేదు. ఈ ఫలితాన్ని మందుకెంత, చెమ్మ ఆరడానికెంత అని పంచమంటే పంచలేను గాని, పైపు బాగు చేయించకుండా మందొక్కటే పోయించి ఉంటే ఈ సమీక్ష ఇంత మెత్తగా ఉండేది కాదు.

బోరుబావి ఉన్నవారు దాని దరిదాపుల్లో ఈ మందు పోయించకండి. పూల మొక్కల పాదుల్లోకీ పోనివ్వవద్దు, తేనెటీగలకు ఇది విషం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు ముంచిన ఇళ్లవారు పాత హామీ కాగితాన్ని నమ్ముకోకుండా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మందు పట్టిన మన్ను మీద కొత్తగా ఒండ్రు పేరుకుంటే చెదలు దాని మీదుగానే లోపలికి వస్తాయి. నేనైతే ఇప్పటికీ తొలకరికి ముందు టార్చిలైటు పట్టుకొని గోడల అడుగున చుట్టి వస్తాను, ద్వారబంధాలను చెంచా కాడతో తట్టి చూస్తాను. డొల్లగా మోగితే స్క్రూడ్రైవరు తీస్తాను.