మొరిగే కుక్కకి అల్ట్రాసోనిక్ డబ్బా పెట్టి చూశాం, తర్వాత ట్రైనర్ని పిలిచాం: రెండిటి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, టైం లేనివాళ్ళు ఈ ఒక్క ముక్క చదివి వెళ్ళిపోవచ్చు. కుక్క మొరిగినప్పుడల్లా మనకి వినపడని సౌండ్ వదిలే ఆ అల్ట్రాసోనిక్ డబ్బాకి డబ్బులు పెట్టొద్దు, వాటికే ఇంకొంచెం కలిపి ఇంటికొచ్చి చూసే మంచి ట్రైనర్ని పిలవండి.

మాది మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్. ఎదురు ఫ్లాట్ ఆంటీ వాళ్ళకి తెల్ల స్పిట్జ్ ఉంది, సన్నీ అని, పదేళ్ళు దాటాయి, అందరూ పామేరియన్ అంటారు గానీ మన ఇళ్ళల్లో కనిపించేవి ఎక్కువ ఇండియన్ స్పిట్జ్‌లే. ఇంతుంటుంది గానీ గొంతు ఐదో ఫ్లోర్ దాకా వినపడుద్ది. మా ఆయనది యూఎస్ షిఫ్టు, తెల్లారాక పడుకుంటారు, ఆంటీ అంకుల్ రైతుబజార్‌కో గుడికో వెళ్ళారంటే సన్నీ మొదలెడుతుంది, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగదు, ఈయన నిద్రలోంచి లేచి తల పట్టుకుని కూర్చునేవారు. అలాగని ఆంటీతో గొడవ పెట్టుకోలేను, నా డెలివరీ టైంలో రోజూ క్యారేజీ పంపిన మనిషి ఆవిడ.

వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒకటే రచ్చ. కుక్కని ఎవరికైనా ఇచ్చేయండి, లేదా ఫ్లాట్ ఖాళీ చేయండి అనేదాకా పోయింది. అది కుదరదండి. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి లేదు, మొరగడం కుక్క సహజ లక్షణమని కూడా అందులో రాశారు. అదే కాగితంలో ఆపకుండా మొరిగితే పక్కవాళ్ళకి ఇబ్బంది కాబట్టి ఓనర్లు, ముఖ్యంగా రాత్రిపూట, తగ్గించడానికి గట్టిగా ప్రయత్నం చెయ్యాలని కూడా ఉంది. గ్రూపులో రెండు వర్గాలూ ఎవరికి కావాల్సిన సగం వాళ్ళు ఫార్వర్డ్ చేసుకుంటున్నారు, నాకు అదే బాధేసింది.

సరే, డబ్బా సంగతి. ఆంటీని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాకే ఆన్‌లైన్‌లో తెప్పించాం. పెద్ద బ్రాండేం కాదు, ఇలాంటివి బోలెడు పేర్లతో దొరుకుతున్నాయి. లోపల మైకు ఉంటుంది, మొరుగుడు వినపడగానే మనకి వినపడనంత హై ఫ్రీక్వెన్సీ సౌండ్ వదులుతుంది, మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాకానే, కుక్కలకి 45 దాకా వినపడుద్ది, ఆ సౌండ్ చిరాకు పుట్టించి మొరగడం మానేస్తుందని లెక్క. మొదట్లో సన్నీ నిజంగానే ఆగింది, తల పక్కకి తిప్పి చూసేది, మేం సంబరపడ్డాం. కొన్నాళ్ళకి అలవాటైపోయింది, డబ్బా మోగుతూనే ఉంది, ఇది మొరుగుతూనే ఉంది. అసలు వయసైన కుక్కలకి హై ఫ్రీక్వెన్సీ వినికిడే తగ్గిపోవచ్చు, ఆ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

దాన్ని ఆంటీ వాళ్ళ హాల్లో పెట్టాం, సన్నీ బాల్కనీలోకి వెళ్ళి తలుపు అడ్డమొస్తే ఇక పనిచెయ్యదు, ఆ సౌండు గోడలు తలుపులు దాటదు. మా ఇంట్లో ట్రయల్ వేసి చూసినప్పుడు కుక్కర్ విజిల్ వచ్చిన ప్రతిసారీ ఎర్ర లైట్ వెలిగేది, అంటే మొరుగుడుకీ విజిల్‌కీ తేడా దానికి తెలీదు, అప్పుడు కుక్క పాపం ఊరికే పడుకున్నా దానికి శిక్షే. మా పాప చెవులు మూసుకుని కీచుమంటోందమ్మా అంది, నాకేం వినపడలేదు, పిల్లలకి మనకన్నా పై ఫ్రీక్వెన్సీలు వినపడతాయి కదా. ఆ రోజే తీసేశా. రిటర్న్ డేట్ దాటిపోయింది, డబ్బులు పోయినట్టే. నా రేటింగ్ 5కి 1.

గ్రూపులో ఎవరో షాక్ కాలర్ లింక్ కూడా పెట్టారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వేల్స్‌లో 2010లోనే వాటిని నిషేధించారు. భయంతోనో ఒంటరితనంతోనో అరిచే జీవికి మెడ దగ్గర కరెంట్ పెడితే భయం పెరుగుద్ది గానీ తగ్గదు.

ఇక ట్రైనర్. ఉప్పల్ వైపు నుంచి వచ్చే కుర్రాడు, సొంతంగా చేసుకుంటాడు, ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టడం బాగోదు కాబట్టి పెట్టట్లేదు. సెషన్‌కి 1200 తీసుకున్నాడు, ఆంటీ వాళ్ళు సగం మేము సగం వేసుకున్నాం. నాకు బాగా నచ్చిందేంటంటే వస్తూనే కుక్క మీద చెయ్యి వెయ్యలేదు. "అమ్మా, మీరు బయటికెళ్ళినప్పుడు పాత ఫోన్ ఒకటి వీడియో పెట్టి వెళ్ళండి, అది చూశాకే చెప్తా" అన్నాడు. ముందు వెట్ (పశువుల డాక్టర్) దగ్గర చెవులూ కీళ్ళూ చూపించి రమ్మన్నాడు, పెద్ద వయసులో మొరుగుడు పెరిగితే నొప్పి ఉందేమో చూసుకోవాలట.

వీడియో అందరం కూర్చుని చూశాం. ఆంటీ వెళ్ళగానే సన్నీ కాసేపు గుమ్మం దగ్గర పడుకునే ఉంది. లిఫ్ట్ టింగ్‌మంది, చెవులు లేచాయి. డెలివరీ అబ్బాయి అడుగులు వినపడ్డాయి, అప్పుడు మొదలైంది. ఆ తర్వాత పరిగెత్తుకుంటూ దివాన్ ఎక్కి బాల్కనీ గ్రిల్‌లోంచి గేటు దగ్గర వీధి కుక్కల్ని చూసి ఇంకో రౌండు. అన్నాళ్ళూ ఆంటీ కోసం ఏడుస్తోందని అంకుల్, పొగరని పై ఫ్లోర్ వాళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నాం, కారణం చూస్తే లిఫ్టూ గేటూ!

దివాన్ అక్కణ్ణుంచి జరిపారు, గ్రిల్‌కి కుక్క ఎత్తు దాకా ఫ్రాస్టెడ్ షీట్ కట్టారు. లిఫ్ట్ టింగ్ రికార్డ్ చేసి ముందు వినీ వినపడనంత సౌండ్‌లో పెట్టి వెంటనే ఉడకబెట్టిన చికెన్ ముక్క ఇవ్వడం, అది ప్రశాంతంగా ఉంటేనే ఇంకాస్త సౌండ్ పెంచడం, ఇదే అసలు పని, ఓపిక కావాలి. అంకుల్ "ఏయ్ నోర్ముయ్" అని అరవడం మానేశారు, మనం అరిస్తే మనమూ తోడొచ్చామనుకుంటుందట, దాని బదులు మెల్లగా "చాలు" అనడం, ఆగిన క్షణంలో ముక్క పెట్టడం. బయటికెళ్ళేముందు పెరుగు రాసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన లిక్ మ్యాట్ (కుక్క నాకుతూ కూర్చునే చిన్న చాప) ఇచ్చి, వెళ్ళొస్తా బంగారం లాంటివేం లేకుండా మామూలుగా తలుపేసుకుని వెళ్ళిపోవడం.

అన్నం కోసం మొరిగితే పట్టించుకోవద్దని చెప్పినప్పుడు ఒక మాట హెచ్చరించాడు, "మొదట్లో ఇంకా ఎక్కువ అరుస్తుంది మేడం, అప్పుడు లొంగి పెట్టేశారంటే ఎక్కువ అరిస్తే దొరుకుద్దని నేర్చుకుంటుంది". అచ్చం అలాగే జరిగింది. కానీ నేను ముందే గ్రూపులో ట్రైనింగ్ నడుస్తోంది, కొన్నాళ్ళు ఓర్చుకోండి అని పెట్టడం వల్ల ఎవరూ ఏమీ అనలేదు, పై ఫ్లోర్ వాళ్ళు కూడా. మీరు ట్రైనింగ్ మొదలెడితే ఈ మెసేజ్ మర్చిపోకండి.

అసోసియేషన్ కూడా కదిలింది, అది చాలా హెల్ప్ అయింది. మా ఫ్లోర్‌కి వచ్చే డెలివరీ వాళ్ళు బెల్ కొట్టకుండా ఫోన్ చేసేలా సెక్యూరిటీకి చెప్పారు. వీధి కుక్కలకి అన్నం పెట్టే చోటు గేటు దగ్గర్నుంచి వెనక కాంపౌండ్ వైపు మార్చారు. వీధి కుక్కల గురించిన 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్‌లో కూడా అసోసియేషనే ఫీడింగ్ ప్లేస్ చూపించాలి, అది మెట్లకీ ఎంట్రెన్స్‌కీ పిల్లలు ఆడుకునే చోటికీ దూరంగా ఉండాలి అని ఉంది. పెట్టేవాళ్ళూ ఒప్పుకున్నారు, మేం పెట్టొద్దనలేదు కదా, చోటు మార్చమన్నాం అంతే.

మైనస్‌లు ఏంటంటే, ట్రాఫిక్ పేరు చెప్పి లేటుగా వస్తాడు, ఆదివారం స్లాట్ రెండుసార్లు మార్చాడు. నోట్స్ రాసివ్వడు, వాయిస్ మెసేజ్‌లే, ఆంటీకి అవి వెతుక్కోవడం కష్టమై నేనే తెలుగులో టైప్ చేసి ఇచ్చా. ఇంట్లో వాళ్ళు రోజూ చెయ్యకపోతే ఎన్ని సెషన్లు కొన్నా వేస్టే. ఒంటరిగా వదిలితే తలుపులు గీరి, చొల్లు కార్చి, ఉచ్చ పోసేంత భయపడే కుక్కకి మాత్రం ట్రైనర్ ఒక్కడే సరిపోడు, వెట్ కూడా ఉండాలని అతనే చెప్పాడు. గ్యారంటీ ఇవ్వనన్నాడు, అందుకే నమ్మకం కుదిరింది.

ఇప్పుడు సన్నీ మొరగదా అంటే మొరుగుతుంది, కొత్తవాళ్ళు తలుపు దగ్గరికొస్తే రెండు మూడు అరుపులు అరిచి "చాలు" అనగానే ఆంటీ చేతి వైపు చూస్తుంది. దీపావళి టపాకాయలకి మాత్రం ఇంకా వణికిపోతుంది, దానికి వేరే సెషన్ మాట్లాడుకున్నాం. ట్రైనర్‌కి 5కి 4, ఒక మార్కు ఆ లేటుకి తగ్గించా. మీ ఏరియాలో ఎవరినైనా మాట్లాడుకునేటప్పుడు ఫోన్‌లోనే అడగండి, మొదటి రోజు ఏం చేస్తారు అని. కాలర్ తెస్తాను, వారంలో ఆపేస్తాను అంటే వద్దని చెప్పండి, ఎప్పుడెప్పుడు మొరుగుతుంది, వీడియో ఉందా అని తిరిగి అడిగితే రమ్మనండి.